కోట కింద మా బోరబండ మాట

కైర్నార్వన్‌లో దిగిన మూడో రోజు పొద్దున్నే నేను మెట్లు దిగి వచ్చి టీ తాగుతుంటే, వాకిట్లోంచి ఒక ఆడపిల్ల గొంతు "నైన్! నైన్!" అని కేక వేసింది. చేతిలో కప్పు ఒలికి సాసరు నిండింది. మా నాయిన పోయి ముప్ఫై ఏళ్లవుతోంది. ఎక్కడో వేల్స్ దేశంలో, ముసురు పట్టిన పొద్దున, ఒక తెల్లపిల్ల "నాయినా" అని పిలిస్తే పలికేదెవరా అని గుమ్మం వైపు చూశాను. పలికింది మేము బస చేసిన ఇంటి యజమానురాలు గ్వెన్. ఆమెదీ నా వయసే, అరవై దాటిన మనిషి. పిండి అంటిన చేతులు ముందు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంటూ వెళ్లి మనవరాలిని ఎత్తుకుంది. వాళ్ల భాషలో నైన్ అంటే అమ్మమ్మ. అది తెలిశాక ఒలికిన టీ తుడుచుకున్నాను. ఆ పిలుపు నేను మా నాయినను సరిగ్గా పిలవని ఒక రోజును తీసుకొచ్చి ముందు పెట్టింది.

నేను ఆ ఊరికి విహారానికి వెళ్లలేదు. నలభై ఏళ్లుగా హైదరాబాద్ ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెప్పుకుని బతికినదాన్ని. తెర మీద పెదవులు వాళ్లవి, గొంతు నాది. ఎందరో నాయికలు నా గొంతుతో నవ్వారు, ప్రేమించారు, ప్రసవించారు, చచ్చిపోయారు. నా పేరు మాత్రం ఒక్క సినిమాలోనూ తెర మీద పడలేదు. అలాంటిది కిందటేడు ఒక కుర్ర దర్శకుడు బోరబండలో మా ఇంటికొచ్చి, తన సినిమాలో నాయిక తెలంగాణ అమ్మాయి అని, వేల్స్‌లో ఒక కోట ఊళ్లో నర్సుగా పని చేస్తుందని, ఆ పాత్ర వేసే పూణే అమ్మాయికి మా మాట నేర్పాలని అడిగాడు. "టైటిల్స్‌లో మీ పేరు వేస్తామండీ. భాష: యాదమ్మ అని," అన్నాడు. ఒకప్పుడు నా నోట్లోంచి తోమి తోమి కడిగేసిన మాటే ఇప్పుడు కావలసి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక, ముందు ఆ పిల్లాడికి చాయ్ పోశాను.

మా బోరబండ అప్పట్లో గుట్ట మీద గుడిసెలు. మా నాయిన రాళ్లు కొట్టేవాడు. ఇప్పుడు జూబ్లీ హిల్స్‌లో పెద్ద పెద్ద ఇళ్లున్న చోటల్లా అప్పుడు ఏనుగులు పడుకున్నట్టు బండలుండేవి. వాటికి రంధ్రాలు వేసి, మందు కూరి, పేల్చి, చీల్చి, ఆ ఇళ్లకు ప్రహరీ గోడలు లేపిన చేతుల్లో మా నాయిన చేతులు కూడా ఉన్నాయి. పొద్దుగూకి ఇంటికొచ్చేటప్పుడు ఆయన ఒంటి నుంచి కాలిన మందు వాసన, రాతి పొడి వాసన కలిసి వచ్చేవి. గుమ్మం బయట తల దులుపుకునేవాడు. ఇల్లు మురికవుతుందని కాదు, అమ్మ పొయ్యి మీద కాలుస్తున్న జొన్నరొట్టె మీద పొడి పడుతుందని. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్కలు చిదుముతూ ఆ రోజు ఏ బండ మాట విన్నదో, ఏది మొండికేసిందో చెప్పేవాడు. సుత్తె కొసతో తట్టి చెవి పెడితే లోపల చీలిక ఎటు పోతుందో తెలిసేదట. "రాయికి గొంతుంటది బిడ్డా, వినేటోడుండాలె గని," అనేవాడు. నాకు వినడం నేర్పింది ఆయనే. చుట్టుపక్కల ఎవరెలా మాట్లాడతారో విని, అలాగే మాట్లాడి చూపించి ఆ గుడిసెల మధ్య అందరినీ నవ్వించేదాన్ని.

అమ్మ ఫిల్మ్ నగర్‌లో ఒక ఎడిటర్ గారింట్లో గిన్నెలు తోమేది. నేను అక్కడ అందరి గొంతులూ అనుకరించడం విని, ఆ ఇంటావిడ నన్ను డబ్బింగ్ థియేటర్‌కు పంపింది. మొదట గుంపు అరుపులకు, తర్వాత చెలికత్తెలకు, ఆ తర్వాత అసలు నాయికలకు. నేర్పింది అక్కడి డబ్బింగ్ మాస్టారు. కృష్ణ ఒడ్డు మనిషి. గంజి పెట్టిన తెల్ల లాల్చీ, చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, బుగ్గన శొంఠి ముక్క. ఆయన ఎప్పుడూ గొంతు పెంచలేదు. మైకు ముందు నేను పొరపాటున "వచ్చిండు" అన్నప్పుడల్లా అద్దం అవతలి నుంచి మెల్లగా, "నోరు కడుక్కుని రామ్మా," అనేవారు. అది మాటవరసకు అన్నది కాదు. నిజంగానే వెళ్లాలి. వరండాలో కుళాయి ఉండేది. సౌండ్ ఇంజనీరు, మిగతా కళాకారులు, పని లేని నటులు కిసుక్కుమంటుంటే వాళ్ల మధ్య నుంచి వెళ్లి, పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకుని రావాలి. మొదటి వారం ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. ఆరు నెలలకు ఒక్కసారి కూడా వెళ్లనక్కర్లేకపోయింది. మాస్టారు మెచ్చుకుని తన ఫ్లాస్కులోంచి నాకు వేడినీళ్లు పోశారు. ఊపిరి ఎక్కడ దాచుకోవాలో, ఏడుపును ముక్కులోకి పోనివ్వకుండా ఎలా పట్టాలో, పెదవులు మూసుకునే అక్షరం మీద కన్ను ఎలా వేసి ఉంచాలో ఆయన నేర్పిందే. ఈ రోజు వరకూ నా కంచంలో అన్నం ఆ విద్య పెట్టిందే. ఆ రుణం కాదనను. అయినా ఆ కుళాయిని క్షమించలేదు, క్షమించను.

ఒక మధ్యాహ్నం పెద్ద సినిమాకు డబ్బింగ్ అవుతోంది. వరండాలో దర్శకుడు, కథానాయిక, ఇంకా ఎవరెవరో ఉన్నారు. మా నాయిన గేటు దాటి లోపలికి వచ్చాడు. నెత్తి నిండా తెల్లటి పొడి, చేతిలో టిఫిన్ డబ్బా. ఆ రోజు అమ్మకు జ్వరం, నేను తినకుండా వచ్చానని పని మధ్యలో వదిలి తెచ్చాడు. అందరూ చూస్తున్నారు. నా నోట్లోంచి ఏ తడబాటూ లేకుండా కడిగిన ముత్యంలాంటి మాట వచ్చింది: "మీరెందుకు వచ్చారు నాన్నా? ఎవరితోనైనా పంపిస్తే సరిపోయేది కదా!"

నాయిన వెనక్కి తిరిగి చూశాడు. తన వెనక ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని. ఎవరూ లేరు. నా వైపు తిరిగి, "నన్నేనా బిడ్డా?" అన్నాడు. అంతే. డబ్బా అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఫిల్మ్ నగర్ వైపు రాలేదు. ఇంట్లో కూడా నాతో మాటలు తగ్గించాడు. నేను తిన్నావా అంటే తల ఊపేవాడు. బండల కబుర్లు ఆగిపోయాయి. ఏమైందని అమ్మ అడిగితే, "దాని ముంగట నా మాట నాకే మోటుగ ఇనవడుతున్నదే," అన్నాడట. ఆయన పోయాక చెప్పింది అమ్మ.

ఇదంతా గ్వెన్‌కు చెప్పేంత ఇంగ్లీషు నాకు రాదు. వచ్చినంతలో చెప్పాను. ఆమె వింటూ రొట్టె పిండి పిసకడం ఆపేసింది. వాన వెలిశాక నన్ను కోట చూపించడానికి తీసుకెళ్లింది. అప్పటికే రెండు రోజులుగా దాని ముందు షూటింగ్ చేస్తున్నాం గానీ కెమెరాకు ఎటు వెలుతురుంటే అటే చూశాం. నిజంగా చూడటం అప్పుడే. ఎనిమిది పలకల బురుజులు, చారలు చారలుగా రంగు మారే రాయి, కింద నది నీళ్లలో వంగిన పడవలు. మా నాయిన చూస్తే ముందు చేత్తో తడిమేవాడు. నేనూ తడిమాను. చల్లగా, తడిగా, నున్నగా ఉంది. పనితనానికి దండం పెట్టవలసిందే. "అందంగా ఉంది," అన్నాను. గ్వెన్ తల అడ్డంగా ఊపింది. "మమ్మల్ని అణచడానికి ఇంగ్లండు రాజు కట్టిందిది. ఒకప్పుడు ఈ గోడల లోపల కాపురం ఉండే హక్కు కూడా మాకు లేదు," అంది. తర్వాత చెయ్యి చాపి వీధిలోకి చూపించింది. "ఇప్పుడు విను."

విన్నాను. చేపలు వేయించి అమ్మే పిల్ల వాళ్ల భాషలోనే బేరం మాట్లాడుతోంది. ముసలాయన కుక్కను ఆ భాషలోనే తిడుతున్నాడు. పొట్లం ఎత్తుకుపోయిన సముద్రపు కొంగను చూసి ఒకావిడ ఆ భాషలోనే శాపనార్థాలు పెట్టింది. అది కూడా బడిలో నేర్పే మర్యాద భాష కాదట. ఆ ఊరి వీధుల్లో పుట్టిన మోటు మాట. వేల్స్‌లో మిగతా వాళ్లు దాన్ని విని నవ్వేవారట. "నవ్వుకోనీ. నేను రేడియోలో మాట్లాడినా ఇలాగే మాట్లాడతా," అంది గ్వెన్. ఆ ఆడదాని భుజాలు అప్పుడు ఎంత నిటారుగా ఉన్నాయో నేను మర్చిపోలేను.

ఆరో రోజు జూబ్లీ హిల్స్‌లోని మా ప్రొడ్యూసర్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. అది మోసుకొచ్చింది కో-డైరెక్టర్ శ్రీధర్. భీమవరం అబ్బాయి, మర్యాదస్తుడు.

"యాదమ్మ గారూ, చిన్న మార్పండీ. క్లైమాక్స్ ఒక్కటీ మామూలు తెలుగులో పెట్టేద్దామంటున్నారు."

"మామూలు తెలుగంటే ఏదండీ?" అన్నాను, అప్పటికింకా మాస్టారి భాషలోనే.

"అదేనండీ, అందరికీ అలవాటైంది. సరదా సీన్లలో యాస భలే ఉంటుంది. బరువైన సీన్లో జనం నవ్వుతారేమోనని..."

ఆ సీను ఇది. నాయకుడు ఆమెను వదిలి వెళ్లిపోతుంటాడు. కోట గోడ కింద, పడవలు ఆగే గట్టు మీద ఆమె ఒక్క మాట అంటుంది: "పోతే పో. నేనీడనే ఉంట." దాన్ని "వెళ్తే వెళ్లు. నేను ఇక్కడే ఉంటాను" అని మార్చారు.

నాకు చెవుల్లో కుళాయి చప్పుడు వినబడింది. నలభై ఏళ్ల తర్వాత పని చోట నా నోటికి నా మాట వచ్చింది. "నవ్వనీకె మా మాట గావాలె, ఏడ్వనీకె మీ మాట గావాల్నా సార్? మా కండ్లల్ల నీళ్లు రావా? మాకు మనసుండదా?" చుట్టూ లైట్లు మోసేవాళ్లు, మేకప్ వాళ్లు ఆగిపోయి చూశారు. శ్రీధర్ ముఖం ఎర్రబడింది. "నాది కాదమ్మా నిర్ణయం. మీరు ఆ పిల్లకు కొత్త లైను నేర్పితే చాలు," అన్నాడు. "నేను నేర్ప. మీకు చేతనైతే నేర్పుకోండ్రి," అని గొడుగు తీసుకుని వచ్చేశాను. దర్శకుడు నా వెనక రెండడుగులు వేసి ఆగిపోయాడు. అతను చెడ్డవాడు కాదు. రెండో సినిమా దొరకాలన్న భయం ఉన్నవాడు.

పని లేకుండా కూర్చున్న ఆ రెండు రోజులూ గ్వెన్ తన పాత కారులో నన్ను తిప్పింది. బొమ్మ రైలులాంటి ఆవిరి బండి ఎక్కించింది. మేఘాల్లో తల దూర్చిన కొండలు, వాటి మీద సున్నం చల్లినట్టు గొర్రెలు. జలసంధికి అవతల దీవిలో, ఒక ఊపిరికి సరిపోనంత పొడుగు పేరున్న స్టేషన్ చూపించి చదివి వినిపించింది. మూడుసార్లు చెప్పించుకుని, పెదవులు చూసి పట్టుకుని, నాలుగోసారి ఊపిరి తీయకుండా నేను చెప్పేశాను. గ్వెన్ ప్లాట్‌ఫారం మీద చప్పట్లు కొట్టింది. పలక రాయి తవ్విన పాత గనికి తీసుకెళ్లింది. అక్కడొక పెద్దాయన ఉలి పెట్టి చిన్నగా తడితే రాయి పుస్తకంలా పేజీలుగా విడిపోయింది. నేను ఆ రాయి మీద చెవి పెట్టి విన్నాను. తిరుగు దారిలో గ్వెన్ వాళ్ల ముత్తవ్వల కాలం సంగతి చెప్పింది. బడిలో తమ భాష మాట్లాడిన పిల్ల మెడలో చెక్కముక్క వేలాడదీసేవారట. ఆ తర్వాత ఇంకెవరు మాట్లాడితే వాళ్ల మెడకు మారేదది, సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్లకు బెత్తం దెబ్బలు. "మరి మీ భాష ఎలా బతికింది?" అన్నాను. "ఇంటికొచ్చి మళ్లీ మాట్లాడారు. అంతే," అంది. ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం చెంప పగిలినట్టయింది. మెడలో చెక్కముక్కతో ఇంటికొచ్చి ఆ పిల్లలు మాట్లాడారు. నోరు కడుక్కున్న నేను ఇంటికొచ్చి కూడా మాట్లాడలేదు. మాస్టారు నా మాటను థియేటర్‌లోనే ఆపారు. దాన్ని మా గుడిసెలోంచి కూడా తరిమింది నేనే.

ఆ సాయంత్రం నాయిక వేషం వేస్తున్న ఆ పూణే అమ్మాయి, ఇరా, జడివానలో తడుస్తూ గ్వెన్ ఇంటికొచ్చింది. రెండు నెలలు బోరబండలో మా ఇంట్లో కూర్చుని నేర్చుకున్న పిల్ల. "అమ్మా, కొత్త లైన్ నోట్లో కూర్చోవట్లేదు. పాతదే చెప్తా. కానీ రిహార్సల్‌లో ఏడుపు రావట్లేదు," అంది.

"ఏడ్వకు. గది ఏడ్చుకుంట అనే మాట గాదు," అన్నాను. "మా దిక్కు ఆడోళ్లు పోతే పో అనేటప్పుడు కండ్లు తుడుసుకోరు. నిలవడి సూస్తరు. పొయ్యేటోడే తల దించుకోవాలె."

మర్నాడు గట్టు మీద ఆ పిల్ల అలాగే నిలబడింది. గాలికి జుట్టు మొహాన కొడుతున్నా తీసుకోలేదు. "పోతే పో. నేనీడనే ఉంట." ఒకటే టేకు. దర్శకుడు కట్ చెప్పడం మర్చిపోయాడు. శ్రీధర్ నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా, "మా అమ్మమ్మ గుర్తొచ్చిందండీ," అన్నాడు. భీమవరం అమ్మమ్మ! ఇంకేం కావాలి, గెలిచామనుకున్నాను.

హైదరాబాద్ వచ్చిన నెలకు తెలిసింది, ఆ ఒక్క సీనుకు వేరే గొంతు పెట్టి మామూలు తెలుగులో మళ్లీ డబ్బింగ్ చేయిస్తున్నారని. నేరుగా జూబ్లీ హిల్స్‌లో ప్రొడ్యూసర్ గారింటికి వెళ్లాను. సిరిసిల్ల వైపు మనిషి, కష్టపడి పైకొచ్చినవాడు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. అంతలో ఫోన్ మోగింది. "ఆ, చెప్పవే. తిన్నవా? గోలీ ఏసుకున్నవా? ఫికర్ చెయ్యకు, ఐతారం అస్త," అని పెట్టేసి, "చెప్పండమ్మా, ఏమిటి విషయం?" అన్నాడు నాతో.

"ఎవలు సార్ ఫోన్ల?"

"మా అమ్మ."

"గామెతోని మామూలు తెలుగుల మాట్లాడరాదుండ్రి?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఫోన్ బల్ల మీద పెట్టి, "నాకు మాత్రం తెలియదా అమ్మా? ఇది వ్యాపారం. అన్ని ఊళ్లలో ఆడాలి," అన్నాడు.

"గట్లయితే నా పేరు తీసేయుండ్రి. గా మాట తీసేసి, భాష యాదమ్మ అని ఏస్తే గది అబద్ధమైతది."

"నలభై ఏళ్లకు మొదటిసారి మీ పేరు పడుతోంది. ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే వచ్చిన సార్," అని లేచాను. గేటు పక్కన ప్రహరీ గోడ రాళ్లు ఎండకు మెరుస్తున్నాయి. ఎవరు కట్టారో తెలియదు. మా నాయినే కట్టి ఉండవచ్చు, కాకపోవచ్చు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని నన్నడుగుతుంటారు. అప్పుడు కుళాయి దగ్గరకు పంపేవారు, ఇప్పుడు సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చి చెబుతున్నారు. అప్పుడు మా మాటను గుమ్మం బయట ఆపారు, ఇప్పుడు హాల్లోకి రానిచ్చి, నవ్వించి, అసలు గదిలోకి పోబోతే భుజం పట్టుకుంటున్నారు. అప్పుడు నేను తల వంచుకుని పుక్కిలించాను. ఇప్పుడు పుక్కిలించను. తేడా అంతే. ఇలా రాస్తున్న రాత కూడా మాస్టారి తెలుగే కదా అని ఎవరైనా దెప్పవచ్చు. అవును, ఆ తెలుగు కూడా నాదే, కష్టపడి సంపాదించుకున్నాను. ఒకటి సంపాదించుకున్నందుకు పుట్టుకతో వచ్చింది వదులుకోవాలని ఎక్కడా రాసి లేదు.

సినిమా వచ్చిన వారం ఒక్కదాన్నే మ్యాట్నీకి వెళ్లాను. చివర పేర్లు వేసేది నా కోసం కాదు గనుక ముందుగానే లేచిపోవచ్చు. గట్టు మీద సీను కోసం మాత్రం ఆగాను. తెరంతా ఇరా ముఖం, వెనక కోట గోడ. స్పీకర్లలోంచి తియ్యని గొంతు, "వెళ్తే వెళ్లు," అంది. చెప్పిన అమ్మాయి నాకు తెలిసినదే. ఆమె తప్పేం లేదు, నేనూ అలాగే బతికాను. కానీ ఇరా పెదవులు మూసుకున్నాయి. రెండుసార్లు మూసుకున్నాయి. వెళ్తే అన్న మాటకు పెదవులు మూయనక్కర్లేదు. పోతేలోని పకారానికి మూయాలి. మాట చెరిపారు గానీ మూతిని చెరపలేకపోయారు. హాలు మొత్తంలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఆమె తల ఎత్తి రెండో మాట కోసం ఊపిరి తీసింది. నేనూ తీశాను. అరవై దాటిన గొంతు, వేడినీళ్లు కూడా తాగని గొంతు. సరిగ్గా ఆమె పెదవి కదిలిన చోట, వెనక వరసల దాకా వినబడేలా, చీకట్లో అన్నాను.

"నేనీడనే ఉంట!"